సి గ్రేడు బడికి దరఖాస్తు

మా అబ్బాయి కోసం మేము కోరుకున్న బడికి నార్త్ కరోలినా రాష్ట్రం ఇచ్చిన గ్రేడు సి. మా ఇంటి చిరునామాను బట్టి దానంతట అదే దక్కే బడికి ఇచ్చింది ఎ. పైగా ఎ గ్రేడు బడికి ఇంటి నుంచి నడిచి వెళ్ళవచ్చు. సి గ్రేడు బడి రాలీ నగరం పాత భాగంలో ఉంది, పొద్దుటి రద్దీలో కారులో వెళ్ళాలన్నా ఓపిక కావాలి. ఇవన్నీ తెలిసి ఎందుకు దరఖాస్తు పెట్టామని మా మోరిస్‌విల్‌లో అడగని తెలుగువాళ్ళు లేరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి అలిసిపోయాను కాబట్టి ఒకేసారి రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. మోరిస్‌విల్, కేరీ, ఏపెక్స్ అంటే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు నిండిన ఊళ్ళు. కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఉగాదికి పార్కింగ్ దొరకదు. ఈ ఊళ్ళతో పాటు రాలీ నగరం కూడా వేక్ కౌంటీలోనిదే, కౌంటీ మొత్తానికి బడుల వ్యవస్థ ఒకటే. రాలీ నగరం బడులను, చుట్టూ ఉన్న కౌంటీ బడులను 1976లో కలిపేశారు. అప్పటికి నగరం మధ్యలో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పేటల బడులు ఖాళీ అవుతున్నాయి, శివార్లలో తెల్లవాళ్ళ బడులు కిక్కిరిసిపోతున్నాయి. 1982లో నగరం మధ్యలోని ఇరవైకి పైగా బడులను మాగ్నెట్ స్కూళ్ళుగా మార్చారు. ఏ పిల్లలనూ బలవంతంగా పంపకుండా, నాటకం, వయొలిన్, రోబోలు, రెండో భాష వంటివి అక్కడే పెట్టి శివార్ల తల్లిదండ్రులు తమంతట తాము వచ్చేలా చేయడం ఉద్దేశం. అమెరికాలో ఇలాంటి మొదటి బడి 1968లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో మొదలైన మెక్‌కార్వర్ ఎలిమెంటరీ అంటారు. అదీ జాతుల మధ్య ఎడం తగ్గించడానికి పెట్టినదే. మేము కోరుకున్న సి గ్రేడు బడి కూడా మాగ్నెట్ బడే.

ఈ చరిత్ర మా అపార్ట్‌మెంట్లలో ఎవరూ చెప్పుకోరు. అక్కడ తిరిగేది వెబ్‌సైట్లు పదికి ఇన్ని అని వేసే రేటింగు. ఇళ్ళ ధరలు కూడా దాని వెంటే నడుస్తాయి. మా వారు మొదట చూసింది అదే. "పదికి నాలుగు ఉన్న బడికి, గంట సేపు బస్సులో పంపుదామంటావా?" అన్నారు. నా ఉద్యోగం ఆసుపత్రి బిల్లుల లెక్కల్లో తేడాలు పట్టుకోవడం. సగటు అంకె చూపించి ఎవరైనా ఏదైనా తేల్చేస్తుంటే ఊరుకోలేని జబ్బు ఒకటి నాకు ఆ ఉద్యోగం వల్లే అంటుకుంది. "ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో చూసి చెబుతాను, ఒక వారం ఆగండి" అన్నాను.

మా రాష్ట్రం 2013-14 విద్యా సంవత్సరం నుంచి ప్రతి బడికీ ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తోంది. 85 నుంచి పైన ఎ, 70 నుంచి బి, 55 నుంచి సి. ఈ మార్కులో 80 శాతం పిల్లలు ఆ ఏడాది ఎంతవరకు పాసయ్యారన్న దానికి, 20 శాతం ఒక్కొక్క పిల్లవాడు కిందటిసారితో పోలిస్తే ఎంత ఎదిగాడన్న దానికి. ఎలిమెంటరీ బడిలో పరీక్షలు మూడో తరగతిలో మొదలవుతాయి. మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు ఏడాది చివర చదవడం, లెక్కలు రాస్తారు, ఐదో తరగతి వాళ్ళు సైన్సు కూడా. అంటే కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా ఉన్న పిల్లల చదువు ఈ గ్రేడులో కనిపించదు.

80కి 20 అన్న వాటాలోనే అసలు విషయం ఉంది. పిల్లలు బడిలో అడుగుపెట్టేటప్పటికే ఏం నేర్చుకుని వచ్చారన్నది ఆ 80లో చాలా భాగాన్ని తేల్చేస్తుంది. ఇంట్లో వందల పుస్తకాలుండి, ప్రీస్కూలుకు నెలకు వెయ్యి డాలర్లకు పైగా పోసిన తల్లిదండ్రుల పిల్లలు ఒక బడిలో నిండితే దానికి ఎ రావడంలో వింత లేదు. మాగ్నెట్ బడిలో అలాంటి పిల్లలూ ఉంటారు, బడి చుట్టూ తక్కువ అద్దె ఇళ్ళలో పెరిగిన పిల్లలూ ఉంటారు. వాళ్ళందరికీ కలిపి ఒకే అంకె వేయడం, రెండిళ్ళ పాలు ఒకే బిందెలో పోసి చిక్కదనం చూసి ఏ గేదె మంచిదో చెప్పినట్లుంటుంది.

మా వారికి కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాను. ఇది ఊహకు వేసిన లెక్కే, ఏ బడిదీ కాదు. మొదటి బడిలో నూటికి 80 మంది కాస్త ఉన్నవాళ్ళ పిల్లలు, 20 మంది లేనివాళ్ళ పిల్లలు. ఉన్నవాళ్ళలో 85 శాతం, లేనివాళ్ళలో 45 శాతం పాసయ్యారు. మొత్తం మీద 77 శాతం. రెండో బడిలో ఇద్దరూ సగం సగం. ఉన్నవాళ్ళలో 88 శాతం, లేనివాళ్ళలో 50 శాతం పాసయ్యారు. మొత్తం 69. రెండో బడిలో రెండు రకాల పిల్లలూ మొదటి బడి కంటే బాగా చదివారు, అయినా బడి సగటు ఎనిమిది పాయింట్లు తక్కువ. మా వారు కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇది కనికట్టులా ఉంది" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "సరే, నిజం అంకెలు తీసుకురా" అన్నారు.

నిజం అంకెలకు కొదవ లేదు. 2015లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ప్రతి బడికి రిపోర్ట్ కార్డు ప్రచురించాలి, అందులో ఫలితాలను వర్గాలవారీగా విడదీసి చూపాలి. నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు, తెల్లవాళ్ళు, ఏషియన్లు, ఆర్థికంగా వెనుకబడినవాళ్ళు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు. మా రాష్ట్రం ఒక వర్గంలో పదిమంది కూడా లేకపోతే వాళ్ళ ఫలితం చూపదు, ఏ పిల్లవాడిదో తెలిసిపోతుందని. 95 శాతం దాటితే అసలు అంకెకు బదులు "95 కంటే ఎక్కువ" అని మాత్రమే వేస్తుంది.

మా దగ్గరి ఎ బడిలో ఏషియన్ల వరుసలో ఉన్నది ఆ మాటే. ఆర్థికంగా వెనుకబడిన పిల్లల వరుసలోనూ, నల్లజాతి పిల్లల వరుసలోనూ కొన్ని తరగతులకు అంకెలే లేవు. అలాంటి పిల్లలు పదిమంది కూడా లేరన్నమాట. ఆ బడి లేని పిల్లలకు ఎంత బాగా చెబుతుందో ఎవరూ చెప్పలేరు. దానికి ఆ పరీక్షే రాలేదు.

మాగ్నెట్ బడి కార్డులో ప్రతి వరుసా నిండుగా ఉంది. నేను ముందుగా చూసింది ఆర్థికంగా వెనుకబడిన పిల్లల వరుస. దాన్ని మా దగ్గరి బడితో పోల్చి లాభం లేదు కాబట్టి కౌంటీ మొత్తం మీద అదే వర్గం ఫలితంతో పోల్చాను. కొంచెం మెరుగ్గా ఉంది. తెల్లపిల్లలది, ఏషియన్లది శివారు బడులతో సమానంగా ఉంది. ఎదుగుదల మార్కు, అంటే ఆ 20 శాతం భాగం, "ఆశించిన దానికంటే ఎక్కువ" అన్న మెట్టులో ఉంది. ఈ మెట్లు మూడే: ఎక్కువ, సరిపడా, తక్కువ. మా ఎ బడిది "సరిపడా".

ఇక్కడే చప్పట్లు కొట్టేయాలనిపించింది. కానీ నా వృత్తి జబ్బు ఊరుకోలేదు. దరఖాస్తు పెట్టి, పొద్దున్నే బస్సు స్టాపుకు తీసుకువెళ్ళి పిల్లలను దూరపు బడికి పంపే తల్లిదండ్రులు మామూలుగానే చదువు మీద పట్టుదల ఉన్నవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఎక్కడైనా బాగానే చదువుతారు. ఆ మంచి ఫలితంలో బడి వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో రిపోర్ట్ కార్డు చెప్పదు. అందుకే బడిని కొలవడానికి, ఆ చుట్టుపక్కల పిల్లలు ఎక్కువగా ఉండే ఆర్థికంగా వెనుకబడినవాళ్ళ వరుస నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించింది. వాళ్ళలో చాలామంది ఎంచుకుని వచ్చినవాళ్ళు కారు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు.

"ఆర్థికంగా వెనుకబడిన" అన్న అంకె దగ్గర కూడా కాస్త ఆగాలి. ఒకప్పుడు దీన్ని మధ్యాహ్న భోజనం దరఖాస్తులతో లెక్కించేవారు. కుటుంబ ఆదాయం దారిద్ర్యరేఖకు 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 శాతం లోపుంటే తగ్గింపు ధర. 2010 చట్టం తర్వాత పేదరికం ఎక్కువగా ఉన్న బడులు దరఖాస్తులు లేకుండా అందరికీ ఉచితంగా పెట్టే వీలు వచ్చింది. దానితో కొన్ని వెబ్‌సైట్లలో అలాంటి బడి పక్కన "100 శాతం ఉచిత భోజనం" అని పడుతుంది. అది చూసి బెంబేలెత్తి పేజీ మూసేసిన స్నేహితులు నాకున్నారు. అది వంటగది లెక్క, ఇళ్ళ లెక్క కాదు.

మా అమ్మ ప్రకాశం జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసింది. ఫోనులో చెబితే, "నవోదయలాగా ఎంట్రన్స్ ఉంటుందా?" అని అడిగింది.

"లేదమ్మా, లాటరీ. దానికి ముందు ప్రాధాన్యాలు ఉంటాయి."

"ఎవరికి ప్రాధాన్యం?"

అన్నో అక్కో అప్పటికే అక్కడ చదువుతుంటే ముందు వాళ్ళకు. తర్వాత, దగ్గరి బడి కిక్కిరిసి ఉన్న ప్రాంతాలకు, పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు. కొన్ని సీట్లు మాత్రం ఏ ప్రాధాన్యమూ లేకుండా చీటీలు తీసినట్లే.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నవోదయలో ముప్పాతిక సీట్లు పల్లెటూరి పిల్లలకు ఉంచుతారు. మీ దగ్గర ఉన్నవాళ్ళకు ఉంచుతున్నారా?" అంది.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత వివరించాను. బడి చుట్టుపక్కల ఉండే పిల్లల సీట్లు వాళ్ళవే, దరఖాస్తు అక్కరలేదు. మేము పోటీపడేది మిగిలిన వాటికి. అక్కడ పేదరికం ఒక్కచోట కుప్పపడకుండా ఉండాలంటే మాలాంటి చిరునామాల వాళ్ళు రావాలి. అమ్మ ఒప్పుకున్నట్లే "ఊఁ" అంది, నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. దూరం నుంచి వచ్చేవారికి చోటు చేయడానికి అదే పేటలోని కొందరు పిల్లలను బస్సుల్లో బయటి బడులకు పంపిన కాలం ఆగ్నేయ రాలీలో ఉంది. ఆ పేటల పెద్దలు దాని మీద దశాబ్దాలుగా గొంతెత్తుతూనే ఉన్నారు. 2000లో కౌంటీ, పిల్లలను బడులకు కేటాయించేటప్పుడు జాతిని చూడటం పక్కన పెట్టి, ఏ బడిలోనూ భోజన రాయితీ పిల్లలు 40 శాతం మించకూడదు, తరగతి స్థాయికి చదవలేనివారు 25 శాతం మించకూడదు అని లక్ష్యం పెట్టుకుంది. దేశమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది ఎన్నికలతో మారిన కౌంటీ విద్యా బోర్డు 2010లో 5-4 ఓట్లతో ఆ విధానాన్ని తీసేసింది. మాగ్నెట్ బడులు మాత్రం మిగిలాయి. మేము దరఖాస్తు పెట్టినది ఆ మిగిలిన దానికే.

బడి చూడటానికి తల్లిదండ్రులను పిలిచిన రోజున మాతో పాటు వచ్చినవాళ్ళలో చాలామంది కార్యక్రమాల గురించి అడిగారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు కూడా నాటకమో, బొమ్మలు చేయడమో, కోడింగో ఎంచుకునే వీలుందంటే అందరి ముఖాలూ వెలిగాయి. మా ఊరి నుంచే వచ్చిన ఒక తెలుగు ఆవిడ నా చెవి దగ్గర, "అక్కా, మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. తరగతిలో ఒక్కడే ఉండటం ఐదేళ్ళవాడికి చిన్న విషయం కాదు. అయితే కార్డులో ఏషియన్ అన్న గడిలో ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళు కారు. నార్త్ కరోలినాలో వియత్నాం కొండ ప్రాంతాల నుంచి శరణార్థులుగా వచ్చిన మాంటన్యార్డులు చాలామంది ఉన్నారు, బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఐటీ ఉద్యోగి కొడుకూ, కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే శరణార్థి కూతురూ ఒకే గడిలో పడతారు. ఏషియన్ పిల్లల సగటు అని ఎవరైనా అంటే నేను ఈ మాట చెబుతుంటాను.

నేను అడిగిన ప్రశ్న వేరు. "మీ బడిలో అందరూ కలిసి ఉన్నారు. తరగతి గదుల్లో కూడా కలిసి ఉన్నారా?" మా రాష్ట్రంలో సాధారణంగా మూడో తరగతిలో పిల్లలకు సామర్థ్య పరీక్ష పెట్టి ప్రతిభావంతులను గుర్తిస్తారు. గుర్తించినవాళ్ళకు లెక్కల్లో, చదవడంలో వేరే పాఠాలుంటాయి. బస్సులో వచ్చినవాళ్ళందరూ ఒక గదిలో, నడిచి వచ్చినవాళ్ళందరూ పక్క గదిలో కూర్చుంటే ద్వారం దగ్గరి గణాంకాలు ఎంత అందంగా ఉండి ఏం లాభం? మాగ్నెట్ వ్యవహారాలు చూసే టీచరు తప్పించుకోలేదు. ఎంచుకునే తరగతుల్లో అందరూ కలుస్తారని, పై స్థాయి లెక్కల గుంపులో మాత్రం పేట పిల్లలు వాళ్ళ సంఖ్యకు తగినంతమంది లేరని, రెండో తరగతి నుంచే కొందరిని వెతికి ఆ గుంపుకు సిద్ధం చేస్తున్నామని చెప్పింది. ఆ జవాబు విన్నాక మా వారు కూడా మెత్తబడ్డారు. అంకె బాగాలేదని చెప్పగలిగిన మనిషి ఉన్న చోట నాకు నమ్మకం ఎక్కువ.

దరఖాస్తు పెట్టడం మాత్రం తేలిక. ఆగస్టు 31 నాటికి ఐదేళ్ళు నిండాలి. ముందు దగ్గరి బడిలో పేరు నమోదు చేయించాలి, చిరునామాకు రుజువు చూపాలి, తర్వాత ఆన్‌లైన్‌లో బడులను ఇష్టాల వరుసలో పెట్టాలి. చలికాలం ముగియకముందే ఫలితం వస్తుంది. మాకు మొదటి ఇష్టమే వచ్చింది. అదృష్టమని స్నేహితులు అన్నారు. మా చిరునామా పనిచేసిందని నా అనుమానం. బడిని మేము ఎంచుకున్నామని అనుకుంటుండగానే, ఒక పట్టికలో ఖాళీగా ఉన్న గడికి మేము సరిపోయాం. ఇందులో అవమానమేమీ లేదు కానీ, తెలిసి ఉండటం మంచిది.

నమోదు కాగితాల్లో ఇంటి భాష గురించి ఒక పత్రం ఉంటుంది. పిల్లవాడు మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఏది అని అడుగుతారు. "ఇంగ్లీష్ అని రాసెయ్యండి, లేకపోతే పరీక్ష పెడతారు" అని మా వాట్సాప్ గుంపులో ఏటా ఒక హెచ్చరిక తిరుగుతుంది. మేము తెలుగు అని రాశాం. ఉన్నది అదే కదా. విడా అనే ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. మావాడు బొమ్మలు చూపిస్తే కథ చెప్పాడట గానీ అక్షరాల దగ్గర తడబడ్డాడు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళ జాబితాలో పడ్డాడు. మా వారికి అది కాస్త గుచ్చుకుంది. నాకు మాత్రం, వారానికి కొన్నిసార్లు ఒక టీచరు నలుగురు పిల్లలతో కూర్చుని మాట్లాడిస్తుంటే నష్టమేమిటో అర్థం కాలేదు. ఆ నలుగురిలో ఇద్దరు స్పానిష్ మాట్లాడే ఇళ్ళవాళ్ళు, ఒకరు అరబిక్. ఏటా జరిగే పరీక్షలో ఆ తర్వాత సంవత్సరమే గట్టెక్కి బయటికి వచ్చాడు. ఆ ఒక్క ఏడాది మాత్రం వాడు ఆ బడి జనాభా లెక్కలో రెండు వరుసల్లో ఉన్నాడు: ఏషియన్, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాడు. రెండో దానిలో మన పిల్లలు ఉంటారని మా ఊళ్ళో చాలామంది అనుకోరు.

ఖర్చు లేకపోలేదు. మాగ్నెట్ పిల్లలకు మా వైపు ఇంటి దగ్గరికి బస్సు రాదు, ఒక పెద్ద స్టాపు దగ్గరికి మేమే తీసుకువెళ్ళాలి. పొద్దున తెల్లవారకముందే లేవాలి. పుట్టినరోజులకు పిలిస్తే ఇరవై మైళ్ళ అవతల ఇల్లు. మా వీధిలో ఆడుకునే పిల్లలందరూ ఎ బడిలో ఒకే తరగతిలో ఉంటారు, వాడు సాయంత్రం వాళ్ళ మధ్యకు కాస్త కొత్తవాడిలా వెళతాడు. ఇవి ఏ రిపోర్ట్ కార్డులోనూ ఉండవు, కానీ దరఖాస్తు పెట్టే ముందు లెక్కలో వేసుకోవలసినవి ఇవే. రోజూ ఈ బస్సు కుదరక దగ్గరి బడికి తిరిగి వెళ్ళిన కుటుంబం ఒకటి మాకు తెలుసు. వాళ్ళు చేసింది తప్పని నేను అనను.

ఈ శరదృతువులో మళ్ళీ రాష్ట్రం గ్రేడులు వచ్చాయి. మా బడిది ఇంకా సి, ఇంకొన్ని పాయింట్లు పెరిగితే బి. ఆర్థికంగా వెనుకబడిన పిల్లల వరుస లెక్కల్లో కాస్త పైకి వెళ్ళింది, చదవడంలో అక్కడే ఉంది. ఎదుగుదల మార్కు ఈసారి "సరిపడా"కు దిగింది. ఎందుకో కనుక్కుందామని తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే, నాలుగో తరగతిలో ఇద్దరు టీచర్లు ఏడాది మధ్యలో మానేశారని చెప్పారు. మావాడు ఇంకా పరీక్షలు రాసే తరగతికి రాలేదు కాబట్టి ఈ అంకెల్లో ఎక్కడా లేడు. మా పాపకు వచ్చే ఏడాది ఐదేళ్ళు నిండుతాయి, అన్న ఉన్నాడు కాబట్టి ప్రాధాన్యం దొరుకుతుంది. దరఖాస్తు మా వారే నింపుతున్నారు. నిన్న రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని, "నాలుగో తరగతికి టీచర్లు దొరికారా లేదా, అది ముందు కనుక్కో" అన్నారు.